అమ్మకు మోకాళ్ళ నొప్పి, నాన్నకు చరిత్ర మీద ప్రాణం: ప్రాగ్‌లో రెండున్నర రోజులు ఎలా గడపాలి?

లైప్జిగ్_లోగిలి
మా అమ్మానాన్నలు కాకినాడ నుంచి వచ్చి లైప్జిగ్‌లో మా దగ్గర ఉంటున్నారు. అక్టోబరు మూడో వారంలో శుక్రవారం ఉదయం బయలుదేరి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చేలా వారిని ప్రాగ్ తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాను. నాన్న ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించారు కనుక కోట చూడకుండా ఆయన తిరిగి రారు. అమ్మకు రెండు మోకాళ్ళలోనూ అరుగుదల ఉంది. చదునైన నేల మీద అరగంట నడవగలరు, మెట్లు మాత్రం కష్టం. ఇద్దరూ శాకాహారులు, అమ్మ కోడిగుడ్డు తగిలిన పదార్థం కూడా తినరు.

నేను వేసుకున్న లెక్క ఇది: శుక్రవారం పాత పట్టణం, చార్లెస్ వంతెన, శనివారం యూదుల పేట, వైషెహ్రాద్ అనే పాత దుర్గం, ఆదివారం ఉదయం కోట, ఆ తర్వాత రైలు. సహోద్యోగి ఒకరు పక్కనున్న కుట్నా హోరా అనే ఊరు చూడకపోతే ప్రయాణం వృథా అంటున్నారు. వారి వీసా జర్మనీ ఇచ్చిన సింగిల్ ఎంట్రీ వీసా కావడం నాకున్న మరో దిగులు. ఈ మార్గంలో పెద్దవాళ్ళతో వెళ్ళి వచ్చినవారు దయచేసి చెప్పండి.

రైలుబండి
వీసా గురించి దిగులు పడనక్కరలేదు. జర్మనీ, చెక్ రిపబ్లిక్ రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాల కూటమిలోనే ఉన్నాయి కనుక ప్రాగ్ వెళ్ళి రావడం మరో ఎంట్రీ కింద లెక్కకు రాదు. అయితే 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి వద్దా తనిఖీలు మొదలుపెట్టింది కాబట్టి తిరుగు ప్రయాణంలో పోలీసులు రైలెక్కి పత్రాలు అడగవచ్చు. ఫోన్‌లో ఫొటోలు సరిపోతాయని అనుకోకుండా అసలు పాస్‌పోర్టులు, మీ రెసిడెన్స్ పర్మిట్, వారి ఇన్సూరెన్స్ కాగితం చేతి సంచిలో పెట్టుకోండి.

డ్రెస్డెన్‌లో రైలు మారిన తర్వాత ఎడమవైపు కిటికీ సీట్లు రిజర్వు చేసుకోండి. ఆ రైలు మార్గం ఎల్బే నదికి ఎడమ గట్టున సాగుతుంది, ప్రయాణం ఎగువకు కాబట్టి నది మీ ఎడమవైపే ఉంటుంది. సరిహద్దు దాటాక అదే నది పేరు లాబే అవుతుంది. ఇసుకరాతి కొండల నడుమ సాగే ఆ గంటన్నర ప్రయాణాన్ని మీ అమ్మగారు కూర్చున్న చోటు నుంచే చూడవచ్చు కనుక దాన్ని కూడా యాత్రలో భాగంగానే లెక్కపెట్టండి.

ఓరుగల్లు_రాళ్ళు
మీ లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నాయి. యూదుల పేటలోని ప్రార్థనా మందిరాలు, పాత శ్మశానం శనివారం పూర్తిగా మూసి ఉంటాయి, ఎందుకంటే అది వారి విశ్రాంతి దినం. కోటలోని సెయింట్ వైటస్ కథెడ్రల్‌లో ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి కనుక సందర్శకులను మధ్యాహ్నం నుంచి మాత్రమే అనుమతిస్తారు. మీరు సరిగ్గా మూసి ఉన్న సమయాలనే ఎంచుకున్నారు. శుక్రవారం దిగగానే యూదుల పేట, శనివారం ఉదయం కోట, ఆదివారం వైషెహ్రాద్ అని మార్చుకోండి. శుక్రవారం సూర్యాస్తమయంతో విశ్రాంతి మొదలవుతుంది, పాత-కొత్త సినగాగ్ అనే ప్రార్థనా మందిరాన్ని అంతకు ముందే మూసేస్తారు, కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలకల్లా అక్కడ ఉండేలా చూసుకోండి.

లైప్జిగ్_లోగిలి
ఓరుగల్లు_రాళ్ళు గారూ, ఈ విషయం తెలియకపోయి ఉంటే నాన్నను మూసిన తలుపుల ముందు నిలబెట్టి ఉండేవాణ్ణి. మీరు చెప్పినట్టే మార్చాను.

పాత_పటం
కుట్నా హోరాను అంత తేలికగా వదిలేయవద్దని నా మనవి. ప్రధాన స్టేషన్ నుంచి రైలులో గంట దూరం. మధ్యయుగంలో బొహీమియా రాజ్యపు సంపదలో పెద్ద భాగం ఆ ఊరి వెండి గనుల నుంచే వచ్చింది. 1300లో ప్రాగ్ గ్రోషెన్ నాణేన్ని ముద్రించడం మొదలుపెట్టింది అక్కడే. సాంఘిక శాస్త్రం చెప్పినవారు రాజధానిలో భవనాలను చూసి, వాటికి సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో చూడకపోతే కథ సగంలో ఆగినట్టే. సెయింట్ బార్బరా చర్చి ఒక్కటి చాలు ఆ ప్రయాణానికి.

గోదారి_గట్టు
పాత_పటం గారి మాటలోని చరిత్ర నిజమే, కానీ రెండున్నర రోజుల్లో ఒక రోజు తీసి పక్క ఊరికి ఇస్తే ప్రాగ్‌కు మిగిలేది ఏమిటి? నేను 2019లో మా అత్తమామలతో అదే పని చేశాను. ఉదయం రైలు, మారు రైలు, అక్కడి ఎత్తుపల్లాల వీధులు, సాయంత్రం మళ్ళీ రైలు. రాత్రికి మా అత్తగారి కాళ్ళు వాచిపోయి మరుసటి రోజంతా హోటల్ గదిలోనే ఉండవలసి వచ్చింది. పైగా అక్కడ అందరూ చూసేది సెడ్లెత్స్‌లోని ఎముకల చర్చి. సుమారు 40,000 మంది అస్థికలతో దీపగుచ్ఛాలు, వంశచిహ్నాలు అమర్చిన చోటు అది. అస్థికలను నీటిలో కలిపి సెలవు తీసుకునే మనవాళ్ళకు, అందులోనూ పెద్దవాళ్ళకు, ఆ దృశ్యం ఎలా తాకుతుందో ముందుగా అడిగి తెలుసుకోవాలి. మా మామగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

పాత_పటం
ఎముకల చర్చికి వెళ్ళమని నేను అనలేదు, బార్బరా చర్చి గురించి చెప్పాను. అయితే వాచిన కాళ్ళ సంగతి విన్నాక, మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషితో అది కుదరదని ఒప్పుకుంటున్నాను.

నల్లరేగడి
కోటకు వెళ్ళేటప్పుడు 22వ నంబరు ట్రామ్ ఎక్కి పొహోర్జెలెత్స్ స్టాపులో దిగండి. అది కొండ మీది స్టాపు కనుక ఎక్కవలసింది ఏమీ ఉండదు. అక్కడి నుంచి స్ట్రాహోవ్ మఠం, లొరెటా, కోట చూసుకుంటూ నెరుదోవా వీధి గుండా నది దాకా దిగుతూ రావచ్చు. అందరికీ నేను చెప్పే మార్గం ఇదే.

కీళ్ళ_సంరక్షణ
నల్లరేగడి గారి మార్గం ఆరోగ్యవంతులకు చాలా బాగుంటుంది, కానీ ఈ అమ్మగారికి సరిపడదు. నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాలు అరిగినవారికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు శరీర భారాన్ని ఆపుకునే పని అంతా మోకాలి చిప్ప వెనుక భాగం మీద, తొడ కండరం మీద పడుతుంది. నెరుదోవా వీధి నిటారుగా ఉంటుంది, నేలంతా చిన్న రాళ్ళు పొదిగి ఉంటాయి, వాన పడితే జారుతుంది. అదే 22వ నంబరు ట్రామ్‌లో అంతకు ముందు వచ్చే ప్రాజ్స్కీ హ్రాద్ స్టాపులో దిగితే దాదాపు చదునైన దారిలో కొద్ది నిమిషాలకే కోట ఉత్తర ద్వారం చేరుకుంటారు. చూడడం పూర్తయ్యాక అదే స్టాపుకు వచ్చి ట్రామ్ ఎక్కి దిగువకు వెళ్ళండి. దిగి రావడం సులువని ఎవరు చెప్పినా వినవద్దు. మెత్తటి అడుగు ఉన్న బూట్లు, చేతికర్ర తప్పనిసరి. చేతికర్ర అంటే అమ్మగారు చిన్నతనం అనుకుంటే ట్రెక్కింగ్ కర్ర కొనిపెట్టండి.

నల్లరేగడి
దిగడం గురించి నేను ఎన్నడూ అలా ఆలోచించలేదు. మా నాన్నగారిని రెండేళ్ళ కిందట ఆ వీధి గుండానే నడిపించాను, ఆయన మధ్యలో నాలుగుసార్లు దుకాణాల ముందు ఆగారు. వస్తువులు చూస్తున్నారని అనుకున్నాను.

చిల్లర_లెక్క
డబ్బు విషయం ఎవరూ ఎత్తలేదు. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా అక్కడ నడిచేది యూరో కాదు, కొరునా. పాత పట్టణంలో కమిషన్ లేదని పెద్ద అక్షరాలతో రాసుకున్న ఒక మారకపు దుకాణంలో నేను 100 యూరోలు ఇచ్చి, బ్యాంకు రేటు ప్రకారం రావలసిన దానిలో నాలుగో వంతు పోగొట్టుకున్నాను. కమిషన్ నిజంగానే తీసుకోలేదు, రేటులోనే కోసేశారు. 1,000 యూరోల లోపు మారకాన్ని మూడు గంటల లోపల రసీదుతో వెళ్ళి రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి చట్టంలో ఉందని నాకు ఇంటికి వచ్చాక తెలిసింది. రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. వీధిలో మనిషి వచ్చి మంచి రేటు ఇస్తానంటే అసలు ఆగవద్దు. చెల్లుబాటు కాని వేరే దేశపు పాత నోట్లు చేతిలో పెట్టి పోతారు.

ఏటీఎం తెర మీద మీ ఖాతా యూరోలలోనే లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని నొక్కండి. కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది. పబ్లిక్ టాయిలెట్లకు మాత్రం కొన్ని నాణేలు దగ్గర ఉంచుకోండి, పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు అది చిన్న విషయం కాదు.

తిరుపతి_టు_బెర్లిన్
శాకాహారులకు అక్కడ వేయించిన చీజ్ అంతటా దొరుకుతుంది. స్మజెనీ సీర్ అని అడగండి, బంగాళదుంపలతో కలిపి ఇస్తారు.

పప్పన్నం
తిరుపతి_టు_బెర్లిన్ గారూ, ప్రశ్న మళ్ళీ చదవండి. ఆ అమ్మగారు గుడ్డు తినరు. స్మజెనీ సీర్ చేసే పద్ధతే చీజ్ ముక్కను పిండిలో, గిలకొట్టిన గుడ్డులో, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయించడం. పండ్లు పెట్టి ఉడికించే తీపి క్నెడ్లీకీ పిండిలో కూడా సాధారణంగా గుడ్డు కలుపుతారు. బంగాళదుంపల సూపు చూడడానికి శాకాహారమే, కానీ మాంసం ఉడికించిన నీటితో గాని పంది కొవ్వుతో గాని చేసే అలవాటు ఉంది.

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. అక్కడి మెనూలో పదార్థం పేరు పక్కన చిన్న అంకెలు వేస్తారు. అవి అలర్జీ కలిగించే పదార్థాల సంఖ్యలు: 1 గోధుమల వంటి ధాన్యాలు, 3 గుడ్డు, 4 చేప, 7 పాలు. భాష రాకపోయినా 3 అంకె కనిపిస్తే ఆ వంటకాన్ని వదిలేయవచ్చు. మాంసానికి మాత్రం అంకె లేదు, కాబట్టి బెజ్ మాసా అన్న రెండు మాటలు కాగితం మీద రాసుకుని చూపించండి; మాంసం లేకుండా అని దాని అర్థం. వీధుల్లో పొగగొట్టంలా చుట్టి కాల్చే తీపి రొట్టె త్ర్‌డెల్నీక్ సువాసనకు అందరూ ఆగిపోతారు, దాని పిండిలో ఏముందో కూడా అడిగి కొనండి.

వీటన్నిటికంటే నిశ్చింత అయిన దారి వంటగది ఉన్న బస తీసుకోవడం. రాత్రికి అన్నం, కందిపొడి, నెయ్యి ఉంటే పెద్దవాళ్ళు మరుసటి రోజు హాయిగా తిరుగుతారు. మా అమ్మ మూడు రోజులు రొట్టె, వెన్నతోనే గడిపి, బాగానే ఉందని మాతో అన్నారు. బాగా లేదని ఊరికి వెళ్ళాక మా చెల్లితో చెప్పారు.

లైప్జిగ్_లోగిలి
పప్పన్నం గారూ, అంకెల సంగతి అమ్మకు చదివి వినిపించాను. మూడు అంకె ఒకటి గుర్తుపెట్టుకుంటే చాలు కదా అని ఎంతో ధైర్యంగా ఉన్నారు. బస ఎక్కడ తీసుకోమంటారు? పాత పట్టణం కూడలి పక్కనే ఒకటి చూశాను, నడక తగ్గుతుందని.

ఓరుగల్లు_రాళ్ళు
కూడలి పక్కన వద్దు. వారాంతపు రాత్రుల్లో తాగి తిరిగే గుంపుల అరుపులకు పెద్దవాళ్ళకు నిద్ర ఉండదు, పైగా కారు దిగిన చోటు నుంచి పెట్టెలు రాళ్ళ మీద ఈడ్చుకుంటూ పోవాలి. వినోహ్రాదీ వైపు, ‘నామ్యెస్తీ మీరు’ అనే మరో కూడలి దగ్గర చూడండి. 22వ నంబరు ట్రామ్ అక్కడే ఆగుతుంది, ఒక్క ట్రామ్‌లో కూర్చుంటే కోట దాకా వెళ్ళవచ్చు. పాత భవనాలు అయిదారు అంతస్తులు ఉంటాయి కాబట్టి లిఫ్ట్ ఉందా అని మాత్రం రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

కీళ్ళ_సంరక్షణ
అక్కడ మెట్రో వద్దు, ట్రామ్ మాత్రమే వాడండి. నామ్యెస్తీ మీరు స్టేషన్ నేలకు 53 మీటర్ల లోతున ఉంది, దాని ఎస్కలేటర్ పొడవు 87 మీటర్లు. అది మన మాల్స్‌లో ఉండే వాటికంటే చాలా వేగంగా కదులుతుంది. అడుగు పెట్టేటప్పుడు మా అమ్మమ్మ తడబడితే వెనుక ఉన్న ఒక పెద్దాయన పట్టుకున్నారు.

రైలుబండి
టికెట్ సంగతి ఒకటి మిగిలింది. కాగితం టికెట్ కొంటే మొదటిసారి ఎక్కగానే పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ టికెట్టే కాదు, తనిఖీ చేసేవారు మామూలు దుస్తుల్లో ఉంటారు. 24 గంటల టికెట్‌కైనా, 72 గంటల టికెట్‌కైనా ముద్ర ఒక్కసారే. 22వ నంబరు ట్రామ్‌లో జేబుదొంగల బెడద ఎక్కువ, పాస్‌పోర్టులు లోపలి జేబులో ఉంచండి.

పంచాంగం_పెట్టె
ఇంతమంది ఇన్ని చెప్పారు, పాత పట్టణం గడియారాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

గోదారి_గట్టు
గంట కొట్టినప్పుడు పన్నెండు బొమ్మలు కిటికీలో కదిలి పోతాయి, ఒక నిమిషం కూడా ఉండదు. దాని కోసం గుంపులో అరగంట నిలబడడం వృథా అని నాకనిపించింది. మెడ నొప్పి తప్ప మిగిలింది లేదు.

పంచాంగం_పెట్టె
బొమ్మల కోసం అయితే గోదారి_గట్టు గారి మాట నిజమే. ఆ గడియారంలో చూడవలసింది బొమ్మలు కాదు, వాటి కింద ఉన్న పలక. 1410లో అమర్చిన యంత్రం అది. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపించే రాశిచక్రం దాని మీద తిరుగుతూ ఉంటుంది, చంద్రుని గోళం సగం నలుపు, సగం వెండి రంగుతో తిథికి తగినట్టు వృద్ధిక్షయాలు చూపుతుంది. అన్నిటికంటే బయటి వలయం మీద 1 నుంచి 24 వరకు ఉన్న అంకెలు పాత చెక్ కాలమానం. వారు రోజును సూర్యాస్తమయంతో ప్రారంభించేవారు కాబట్టి రుతువును బట్టి ఆ వలయం అటూ ఇటూ జరుగుతుంది. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టిన మన పెద్దలకు ఆ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

మీరు వెళ్ళే వారం మరీ మంచిది. ఆ గడియారం రాశులను సాయన పద్ధతిలో, అంటే వసంత విషువత్తు నుంచి లెక్కిస్తుంది, మన పంచాంగం నిరయన పద్ధతిలో, అంటే స్థిర నక్షత్రాలను బట్టి లెక్కిస్తుంది, రెండింటికీ మధ్య సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. అందువల్ల నెలలో ఎక్కువ రోజులు సూర్యుడి రాశి రెండింటిలో వేరుగా ఉంటుంది. కానీ తులా సంక్రమణం అక్టోబరు 17 ప్రాంతంలో వస్తుంది, సాయన లెక్కలో సూర్యుడు 22, 23 తేదీల దాకా తులలోనే ఉంటాడు. ఆ అయిదారు రోజులు గడియారమూ పంచాంగమూ ఒకే మాట చెబుతాయి. గంట కొట్టే సమయానికి కాకుండా, కొట్టిన పది నిమిషాల తర్వాత వెళ్ళండి, గుంపు చెదిరిపోయి ఉంటుంది.

లైప్జిగ్_లోగిలి
నాన్న ఈ సమాధానాన్ని మూడుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడు తన పాత పంచాంగం సంచిలో పెట్టుకుంటానంటున్నారు.

ఓరుగల్లు_రాళ్ళు
అదే టౌన్ హాలు గోపురానికి లిఫ్ట్ ఉంది, అమ్మగారు కూడా పైకి వెళ్ళి ఊరంతా చూడవచ్చు. గోపురం దగ్గర నేల మీద 27 తెల్లని శిలువ గుర్తులు ఉంటాయి, నాన్నగారికి తప్పక చూపించండి. 1618లో కోట కిటికీలోంచి చక్రవర్తి ప్రతినిధులను కిందికి తోసేయడంతో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది కదా, ఆ తిరుగుబాటు అణగారిన తర్వాత 1621 జూన్ 21న అక్కడే 27 మంది నాయకులకు మరణశిక్ష అమలు చేశారు. కోటలోని పాత రాజప్రాసాదం టికెట్ తీసుకుంటే ఆ కిటికీ ఉన్న గది కూడా చూడవచ్చు. పాఠం మొదలైన చోటు, ముగిసిన చోటు రెండూ ఒకే రోజు చూడవచ్చు.

తొలి_అక్షరం
భాష మీద ఆసక్తి ఉంటే ఒక చిన్న విషయం. ద్రావిడ భాషల మీద జీవితమంతా పనిచేసిన కమిల్ జ్వెలెబిల్ ఈ ఊరి చార్లెస్ విశ్వవిద్యాలయంలోనే బోధించారు. 1968లో సోవియట్ సేనలు వచ్చిన తర్వాత ఆయన దేశం విడిచి వెళ్ళారు. ఆ విశ్వవిద్యాలయం 1348లో స్థాపించినది. దేయ్‌విత్సే ప్రాంతంలో టాగూర్ పేరిట ఒక వీధి కూడా ఉంది, ఆయన 1921లో, 1926లో ప్రాగ్ వచ్చారు. సమయం మిగిలితేనే వెళ్ళండి, దీని కోసం మరొకటి వదులుకోవద్దు.

తొలకరి
వంతెన మీదికి తెల్లవారుజామున వెళ్ళమని అందరూ అంటారు, వేసవిలో అది నాలుగున్నరకు లేవడం. అక్టోబరులో సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో అవుతుంది కనుక పెద్దవాళ్ళకు ఏ కష్టమూ ఉండదు. 516 మీటర్ల వంతెన, పైగా చదునుగా ఉంటుంది. పదయ్యాక వెళితే ముందున్న మనిషి వీపు తప్ప విగ్రహాలు కనిపించవు. చలి అయిదారు డిగ్రీలు ఉంటుంది, చెవులకు మఫ్లర్ మరచిపోవద్దు.

పాత_పటం
పునాది రాయి 1357లో, తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకు వేశారని ఒక ఐతిహ్యం ఉంది. 1-3-5-7-9-7-5-3-1, ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకటే. ముహూర్తం పెట్టించి కట్టినవారని మీ నాన్నగారు సంతోషిస్తారు.

లైప్జిగ్_లోగిలి
నిన్న రాత్రి తిరిగి వచ్చాం. ఇంత సమయం వెచ్చించి చెప్పినవారికి జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

శుక్రవారం రెండు గంటలకు యూదుల పేటకు చేరుకున్నాం. పింకాస్ సినగాగ్ గోడల మీద నాజీలు చంపిన దాదాపు 78,000 మంది పేర్లు వరసగా రాసి ఉన్నాయి. నాన్న చదువుతూ చదువుతూ ఒక గోడ దగ్గర ఆగిపోయి చాలాసేపు మాట్లాడలేదు. పై అంతస్తులో తెరెజీన్ నిర్బంధ శిబిరంలోని పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. అమ్మ మెట్లెక్కలేనని కిందే కూర్చున్నారు. కానీ ఆ బొమ్మల సంగతి నేను చెప్పగానే, చూడాలి అని లేచి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కారు. నేను వద్దనలేకపోయాను.

శనివారం కోట కీళ్ళ_సంరక్షణ గారు చెప్పిన స్టాపు నుంచే చూశాం, అమ్మకు నొప్పి రాలేదు. 1344లో మొదలుపెట్టిన కథెడ్రల్ 1929కి గాని పూర్తి కాలేదని చదివి, కట్టడం మొదలుపెట్టినవారు ఏ నమ్మకంతో మొదలుపెట్టి ఉంటారో అని అమ్మ అడిగారు. మధ్యాహ్నం గదికి వచ్చి పప్పన్నం తిని రెండు గంటలు పడుకున్నాం. ఆ రెండు గంటలు లేకపోతే సాయంత్రం గడియారం దాకా వెళ్ళగలిగేవాళ్ళం కాదు. ఒక భోజనశాలలో మాత్రం మేము అడగకుండా బల్ల మీద పెట్టిన రొట్టెకు విడిగా బిల్లు వేశారు, వద్దనుకుంటే ముందే చెప్పాలి.

ఆదివారం వంతెన మీద ఏడుంబావుకు ఉన్నాం. తర్వాత సి లైన్ మెట్రోలో వైషెహ్రాద్ వెళ్ళాం, స్టేషన్ నుంచి కోట గుమ్మం దాకా దాదాపు చదునైన దారి. రోబో అన్న మాటను 1920లో రాసిన నాటకంతో లోకానికి ఇచ్చిన కారెల్ చాపెక్ సమాధి అక్కడే ఉంది. కుట్నా హోరా వెళ్ళలేదు.

పంచాంగం_పెట్టె
గడియారం?

లైప్జిగ్_లోగిలి
శనివారం సాయంత్రం నాలుగు దాటిన పది నిమిషాలకు వెళ్ళాం. నాన్న ముందుగా సూర్యుడిని వెతికి, తుల గుర్తు మీద చూపించి, సంచిలోంచి పంచాంగం తీసి అమ్మకు ఆ రోజు పుట చదివి వినిపించారు. పక్కన నిలబడిన ఒక చెక్ దంపతులు ఏమిటా పుస్తకం అని అడిగారు. నేను ఇంగ్లీషులో అనువదిస్తుంటే నాన్న వలయాల మీద వేలితో చూపిస్తూ ఇరవై నిమిషాలు పాఠం చెప్పారు. అయిదు గంటలు కొట్టి బొమ్మలు తిరిగే వేళకు గుంపు మళ్ళీ చేరింది, మేము దారి ఇచ్చి ట్రామ్ స్టాపుకు నడిచాం.

రైలుబండి
తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు కూర్చున్నారా?

లైప్జిగ్_లోగిలి
కూర్చున్నాం, కానీ చీకటి పడిపోయింది. సరిహద్దు దాటాక పోలీసులు వచ్చి పాస్‌పోర్టులు చూశారు, అసలువి దగ్గర ఉండడం వల్ల అర నిమిషంలో పని అయిపోయింది. అమ్మానాన్నలు అప్పటికే నిద్రపోయారు, వారిని లేపకుండానే చూసి వెళ్ళారు.